పాతకుండ వారి అమ్మ చెయ్యి

నాచారం,
జూన్ 12, 1988.

రాహేలూ,

పోయిన ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. నువ్వు రాయకపోయినా ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు అన్నం సహించేలా లేదు. చెప్పుకుందామంటే మా ఇంటి గుట్టు తెలిసినదానివి నువ్వొక్కదానివే.

ఉప్పల్లో మన రెండు వాటాలకీ మధ్య గోడ నడుం ఎత్తు దాకానే ఉండేది కదా. తెల్లవారకముందే నేను సికింద్రాబాదు టెలిఫోన్ ఎక్స్ఛేంజికి బస్సెక్కితే, ఇంట్లో మా ఆయన, అదే నువ్వు పిలిచే మీ అన్నయ్య, నడుముకి తువ్వాలు బిగించి పప్పు ఎనపటం నువ్వు చూశావు. చూసి కూడా ఎవరి దగ్గరా నోరు మెదపలేదు. పెళ్ళయిన కొత్తలో నేను చేసిన గుత్తివంకాయ తిని ఆయన పల్లెత్తు మాట అనలేదు, మర్నాటి నుంచి పొయ్యి దగ్గర ఆయనే చేరారు. నాకు వంట రాదు, వంట చెయ్యకపోతే ఆయనకు తోచదు. ఆ లెక్కన మా కాపురం హాయిగా సాగుతోంది. ఇబ్బందల్లా ఒకటే. వండేది ఆయన, పేరు నాది. ఎవరు మెచ్చుకున్నా "అంతా మా ఆవిడ చేతి చలవ" అనేసి చెయ్యి కడుక్కుంటారు.

ఇప్పుడు ఆ పేరే నా మెడకు చుట్టుకుంది. ఆయన లెక్కలు రాసే మసాలా ఫ్యాక్టరీ యజమాని అచ్యుతరావు గారు రోజూ మధ్యాహ్నం మా క్యారియర్లో వాటా తీసుకుంటారు. 'పాతకుండ' సాంబారు పొడికి టీవీలో ప్రకటన ఇవ్వాలని ఆయనకు బుద్ధి పుట్టింది. మద్రాసు నుంచి ఎవరినైనా నటిని పిలుద్దామని మేనేజరు అంటే, "నటి ఎందుకయ్యా, గోపాలరావు భార్య ఉండగా. ఆవిడ చేతిలో మా అమ్మ చెయ్యి ఉంది" అన్నారట. అక్కడే ఉన్న మీ అన్నయ్య ఏమన్నారనుకున్నావు? "అలాగేనండీ" అన్నారు.

ఇంటికొచ్చి ఈ కబురు చెప్పి, నా మొహం చూడకుండా చింతపండు నానబెట్టుకోవటానికి వెళ్ళిపోయారు. ఏం చెయ్యమంటావు?

నీ,
సత్యవేణి.


సంగారెడ్డి,
జూన్ 20, 1988.

సత్యవేణి వదినకు రాహేలు వందనాలు.

జవాబు రాయకపోవటానికి కారణం బడి తెరిచారు. నాకు ఆరో తరగతి తెలుగుతో పాటు కుట్లు, అల్లికలు కూడా అంటగట్టారు. నాకు సూదిలో దారం ఎక్కించటం రాదని నీకు తెలుసు. ఆడమనిషికి ఇది వచ్చే ఉంటుందని హెడ్మాస్టరు నమ్మకం. నీ బాధ నాకు వేరే చెప్పనక్కర్లేదు.

నీ ఉత్తరం మా ఆయన ఎదురుగానే చదివాను. నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాల్సి వచ్చింది. ఏమైందని అడిగితే, వదిన టీవీలో వంట చేస్తుందట అన్నాను. మీ కృపానందం గారు పేపరు మడిచి పెట్టి, "సూసినవా, సత్యవేణక్క చెయ్యి గసొంటిది. నువ్వు జర ఆమెను సూసి నేర్సుకో" అన్నాడు. వదినా, ఈ మనిషికి కుండలో నీళ్ళు ముంచుకుని తాగటం కూడా రాదు. నేను ఏ పులుసు చేసినా రెండు ముద్దలు తిని గోడవైపు చూస్తాడు. వాళ్ళమ్మ చేసినట్టు లేదట.

మా అత్త దానమ్మను ఒకసారి అడిగాను, అంత బాగా ఏం వండేదానివి అని. ఆమె నవ్వి, "నాట్లకు వొయ్యి పొద్దుగూకినంక వస్తుంటి బిడ్డా. గంజిల ఉప్పేసి ఇస్తే గూడ ఈడు గిన్నె నాకుతుండె" అంది. అంటే వీడికి గుర్తున్న రుచి కూరది కాదు, ఆకలిది. ఆ ఆకలిని నేను ఎక్కడినుంచి తెచ్చి వడ్డించను?

నా మాట విను. నువ్వు నటించకు. అన్నను ఒక్క నిమిషం సిగ్గు పక్కన పెట్టి నిజం చెప్పమను. ఎవరూ ఉరి తీయరు.

నీ,
రాహేలు.


నాచారం,
జూలై 9, 1988.

రాహేలూ,

ఒక్క నిమిషం సిగ్గు పక్కన పెట్టటం అంత సులువైతే ఈ ఉత్తరం ఇంత పొడుగు ఉండేది కాదు.

ప్రకటన తీసే ఆయన పేరు త్రిమూర్తులు. నిన్న కథ చెప్పటానికి ఇంటికి వచ్చారు. కోడి కూస్తుంది. పూరిల్లు, ముంగిట్లో ఆవు, వసారాలో తులసికోట. నేను పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని రుబ్బురోలు తిప్పుతూ ఉంటాను. కట్టెల పొయ్యి మీద సాంబారు మరుగుతుంది. భర్త పీట మీద కూర్చుని ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంటాడు. పోయిన తల్లి గుర్తొస్తుంది. కళ్ళు తెరిస్తే తల్లి ఉన్నచోట నేనుంటాను. "అమ్మ లేకపోయినా అమ్మ చెయ్యి ఉంది" అని వెనకనుంచి ఒక గొంతు. ఆ తర్వాత ఆయన ఆఫీసుకి వెళ్తుంటే క్యారియర్ అందించి, వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడాలి.

నేనెప్పుడు తింటానని అడిగాను. "మీరు తినరండీ, ఆయన తింటుంటే చూస్తారు" అన్నారు. తెల్లవారుజామున పట్టుచీర కట్టుకుని పిండి ఎవరు రుబ్బుతారండీ అన్నాను. పాతకాలం అంటే అలాగే ఉండాలన్నారు. పోనీ భార్య కూడా ఉద్యోగానికి వెళ్ళేదైతే, అన్నాను. ఆయన చాలా బాధగా నావైపు చూసి, అప్పుడు ఇంటిమీద బెంగ ఎలా పుడుతుందండీ, బెంగ పుడితేనే కదా పొడి అమ్ముడుపోయేది అన్నారు. మంచి మనిషే. మాటల్లో తెలిసింది, పుట్టి పెరిగిందంతా మల్కాజిగిరి రైల్వే క్వార్టర్సులోనట. తల్లి బళ్ళో టీచరు. పొద్దున్నే ఇద్దరూ బన్ను, టీ పుచ్చుకుని చెరో దారి పట్టేవారట. మరి ఈ పూరిల్లు ఎవరి ఇల్లు అని అడుగుదామనుకుని, పాపం అని ఊరుకున్నాను.

ఆయన వెళ్ళాక మీ అన్నయ్యను నిలదీశాను. వండేది నేనేనని ఒక్కసారి అచ్యుతరావు గారితో చెప్పండి అన్నాను. "రేపటినుంచి ఆఫీసులో నన్ను వంటలక్క అంటారు. అప్పుడు నేనెలా తలెత్తుకోను?" అన్నారు. మరి నేనెలా తలెత్తుకుంటున్నానంటే, నీకు మంచి పేరేగా వస్తోంది అన్నారు.

ఆ మాటకి నాకు నిజంగా కోపం వచ్చింది రాహేలూ. మొన్న గాలివానకి లైన్లు దెబ్బతిన్నప్పుడు నేను కుర్చీ దిగకుండా కాల్స్ కలిపాను. ఎవరికో కాన్పు, ఎవరికో గుండెనొప్పి, దవాఖానాలకి లైను దొరక్క ఏడుస్తున్న వాళ్ళందరినీ కలిపాను. ఆ సంగతి మా కాలనీలో ఒక్కరికీ తెలియదు. నా సాంబారు సంగతి మాత్రం అందరికీ తెలుసు. చెయ్యని పనికి దండలు వేయించుకుంటుంటే, చేసే పని ఎవరి కంటా పడకుండా పోతోంది. నాకు కావలసింది ఒక్కటే. నలుగురిలో, ఆయన నోటితో ఆయన, "వండింది నేను" అనాలి. అప్పటిదాకా నాకు మనశ్శాంతి లేదు.

అందుకే ఒప్పుకున్నాను. నన్ను పొయ్యి ముందు నిలబెడితే నిజం దానంతట అదే బయట పడుతుందని నా ధీమా.

నీ,
సత్యవేణి.


సంగారెడ్డి,
జూలై 16, 1988.

వదినా,

కార్డు మీద రాస్తున్నాను. మా పోస్ట్‌మాన్ కార్డులన్నీ చదివి మరీ ఇస్తాడు కాబట్టి గుట్టు విప్పను. నీ ధీమా నాకు నచ్చింది. కానీ పొయ్యి దగ్గర కొంగు జాగ్రత్త. ఏం జరిగిందో ఇన్‌లాండులో వివరంగా రాయి, కార్డు మీద రాయకు. పోస్ట్‌మాన్ గారూ, మీకు కూడా నమస్కారం.

రాహేలు.


నాచారం,
ఆగస్టు 14, 1988.

రాహేలూ,

నిజం బయట పడలేదు. దానికి గాజులు తొడిగారు. మొదటినుంచీ చెబుతాను.

షూటింగు మా నాచారంలోనే, స్టూడియోలో. లోపల పూరిల్లు కట్టారు. కాప్రా నుంచి అబ్బయ్య అనే ఆయన ఆవును తోలుకొచ్చాడు. లైట్లు సర్దేలోపల అది వసారా చూరు సగం మేసేసింది. అబ్బయ్య మాత్రం కంగారు పడలేదు. "కొత్త గడ్డి పెట్టిన్రు, అది తినకుంటె ఏంజేస్తది సారూ" అన్నాడు. దాంతో తులసికోటను చూరు కిందికి జరిపి, ఆ బొక్క కనబడకుండా చేశారు.

నా చేతి గడియారం తీసేయమన్నారు, తీశాను. కట్టెల పొయ్యి పొగకి నా కళ్ళమ్మట నీళ్ళు ధారలు కట్టాయి. త్రిమూర్తులు గారు కెమెరా పక్కనుంచి, "అలాగే ఉండండి, అదే అమ్మ ప్రేమ" అన్నారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత తాలింపు. కెమెరా చేతుల మీదికి వచ్చింది. నేను ఆవాలు గుప్పెడు తీసి నూనెలో పోశాను. అవి ఒక్కసారిగా పేలితే పట్టుచీర ఎత్తిపట్టుకుని ఆవు దాకా పరిగెత్తాను. మళ్ళీ తీశారు. ఈసారి మిరపకాయలు మాడి, స్టూడియో అంతా దగ్గు. ఇంకోసారి గరిటె పొయ్యిలో పడింది.

ఇంక చెప్పేస్తారు, ఇంక చెప్పేస్తారు అని మీ అన్నయ్య వైపు చూస్తున్నాను. ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చి, ఒక మూల నిలబడి పెదవి కొరుక్కుంటున్నారు. వంట పాడవటం చూడలేరు ఆయన. చివరికి ఆగలేక వచ్చి నా చేతిలో గరిటె లాక్కుని, నూనె కాగిందో లేదో చూసి, మెంతులు, ఆవాలు, ఇంగువ ఒకదాని వెంట ఒకటి వేసి, కరివేపాకు దూసి వదిలారు. ఆ వాసనకి లైట్ల వాళ్ళు కూడా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

త్రిమూర్తులు గారు ఆ చేతుల్ని చూసి మతిపోయినట్టు అయిపోయారు. "నాకు కావలసిన చెయ్యి ఇదే" అన్నారు. మీకెలా వచ్చిందండీ అంటే మీ అన్నయ్య, "రోజూ మా ఆవిడ చేస్తుంటే చూసి..." అన్నారు. పొయ్యి దగ్గర నేను చేసిన వీరంగం అంతా చూసినవాళ్ళ ఎదుట ఆ మాట అనటానికి ఆయనకి నోరెలా వచ్చిందో. మొహం నాది, చేతులు ఆయనవి అని తేల్చారు. మేకప్ అతను బ్లేడు తెచ్చి మీ అన్నయ్య చేతుల మీద వెంట్రుకలన్నీ గీసేశాడు. పసుపు రాశారు. నా మట్టిగాజులు పట్టక సబ్బు నురగ పెట్టి ఎక్కించారు. నా పట్టుచీర కొంగు మోచేతి దాకా కప్పారు. ఆయన ఒంటి మీద మిగతా అంతా ఆఫీసు ప్యాంటు, చొక్కా.

అబ్బయ్య అంతా చూసి, ఆవు తాడు సర్దుకుంటూ, "మా ఇంట్ల గూడ నేనే వండుత సారూ. గని గాజులైతె ఎయ్యను" అన్నాడు. అందరూ నవ్వారు. మీ అన్నయ్య నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఈ సంగతి యజమానికి తెలియకూడదని త్రిమూర్తులు గారు అందరిచేతా ఒట్టు వేయించుకున్నారు. ఇంటికొచ్చాక ఒక విచిత్రం. అద్దం ముందు నిలబడి చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "చెయ్యి బాగా పడి ఉంటుందంటావా?" అని అడిగారు. పొగడ్త ఆయనకీ కావాలన్నమాట. అడగటానికి మాత్రం నా కొంగు కావాలి.

నీ,
సత్యవేణి.


సంగారెడ్డి,
సెప్టెంబరు 24, 1988.

వదినా,

నిన్న శుక్రవారం పాటల మధ్యలో నువ్వు వచ్చావు. పక్కింటి కుర్రాళ్ళు ఏంటెన్నా పట్టుకుని తిప్పుతుంటే ముందు ఆవు వచ్చింది, తర్వాత మంచు కురిసింది, ఆ తర్వాత నువ్వు. పొగలో నీ కళ్ళు చూసి మా వీధి ఆడవాళ్ళు కొందరు ముక్కు చీదారు. తర్వాత ఆ చేతులు. ఎంత అందంగా ఉన్నాయి వదినా, ఆ తాలింపు వేస్తున్న చేతులు. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

మా ఆయన మాత్రం ఒక్కసారిగా మెత్తబడిపోయాడు. "గా చెయ్యి సూస్తె మా అమ్మ యాదికొచ్చింది" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆ చెయ్యి ఎవరిదో చెప్పేద్దామని నా నాలుక దురద పెట్టింది. కానీ చెప్పవలసింది నేను కాదు కదా, ఊరుకున్నాను. ఈ ఉదయం పాతకుండ పొడి పొట్లం తెచ్చి నా ముందు పెట్టి, ఇంకనైనా ఆడదానిలాగా వండమన్నాడు. నేను బడికి పోయాను. పొట్లం ఇంకా విప్పలేదు.

అక్కడ ఏమైంది? మీ అత్తగారు వచ్చారా?

రాహేలు.


నాచారం,
సెప్టెంబరు 25, 1988.

రాహేలూ,

నీ ఉత్తరం దారిలో ఉండే ఉంటుంది. అది అందేదాకా ఆగలేక రాస్తున్నాను.

కోడలు టీవీలో వస్తుందని మా అత్తగారు శ్యామలమ్మ గారు అమలాపురం నుంచి గురువారమే దిగారు. అత్తగారు ఉన్నన్నాళ్ళూ మాకు వేరే పద్ధతి. ఆవిడ లేవకముందే మీ అన్నయ్య చీకట్లో వంట ముగించి వెళ్ళి పడుకుంటారు. నేను లేచి గిన్నెలు కదిపి చప్పుడు చేస్తాను.

శుక్రవారం సాయంత్రం అచ్యుతరావు గారు ఫ్యాక్టరీ ఆవరణలో బల్ల మీద రంగుల టీవీ పెట్టించి, పనివాళ్ళనీ వాళ్ళ కుటుంబాలనీ అందరినీ పిలిచారు. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ప్రకటన మొదలైంది. నేను కనబడగానే చప్పట్లు. చేతులు కనబడగానే అచ్యుతరావు గారు తల ఊపుతూ, "మా అమ్మ చెయ్యి" అన్నారు. మా అత్తగారు ముందుకు వంగి చూసి, "కాదండీ, అది మా గోపాలం చెయ్యి" అన్నారు.

అందరూ నవ్వారు. పెద్దావిడ, చూపు ఆనలేదనుకున్నారు. ఆవిడ వదల్లేదు. "ఆ వంకర చిటికెన వేలు చూడండి. చిన్నప్పుడు తలుపు సందులో నలిగింది. నా కొడుకు చెయ్యి నాకు తెలియదా?" అన్నారు. అప్పుడు అందరూ మీ అన్నయ్య చిటికెన వేలు వైపు తిరిగారు. ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

నా కొడుకుచేత వంట చేయిస్తున్నావా అని నామీద విరుచుకుపడతారని కాచుకుని ఉన్నాను. ఆవిడ ఆయన వైపు తిరిగి మెల్లగా, "ఇవాళ చీకట్లోనే ఇంగువ తాలింపు వాసనకి మెలకువ వచ్చింది రా. మీ నాన్న ఉన్న రోజులనుకున్నాను" అన్నారు.

మీ అన్నయ్యకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. కాపురానికి వచ్చేనాటికి ఆవిడ చిన్నపిల్ల, అన్నం వార్చటం కూడా రాదు. మా మామగారు వెంకటరామయ్య గారు పోస్టుమాస్టరు. పిల్లలు లేవకముందే వంట చేసి, స్నానం చేసి పోస్టాఫీసుకి వెళ్ళిపోయేవారు. ఆవిడ వేడిచేసి వడ్డించేవారు. మగవాడు వండుతున్నాడని ఊళ్ళో నవ్వుతారని ఎవరికీ చెప్పొద్దన్నారట. "నువ్వు అమ్మ చేతి వంట అని అందరికీ చెప్పుకుంటుంటే వినటానికి నాకూ బాగుండేది" అన్నారు అత్తగారు.

రాహేలూ, నీకు తెలుసు కదా, మీ అన్నయ్య హైదరాబాదు వచ్చిన కొత్తలో బ్రహ్మచారి గదిలో, అమ్మ వంట రుచి రావాలని, నాలుకకి గుర్తున్నదాన్ని బట్టి తంటాలు పడి వంట నేర్చుకున్నారు. వాళ్ళ నాన్న పోయాక అమ్మ వంటలో రుచి తగ్గిందని, దిగులువల్ల అయి ఉంటుందని నాతో ఎన్నోసార్లు అన్నారు. అదంతా ఒక్కసారి ఆయన మొహంలోకి వచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన వెతుక్కున్నది నాన్న చేతిని.

అచ్యుతరావు గారు ఏదో సర్దబోయారు. మీ అన్నయ్య లేచి నిలబడి, చెయ్యి జేబులోంచి తీశారు. "వండింది నేనేనండీ. టీవీలోనే కాదు, మీరు రోజూ తినేది కూడా. మా ఆవిడకి వంట రాదు. ఆవిడ టెలిఫోన్ ఆపరేటరు, మొన్న గాలివానలో ఊరందరికీ దవాఖానాలు కలిపింది ఆవిడే" అన్నారు.

అచ్యుతరావు గారు ఆ చేతినే చూస్తూ, "మరి మా అమ్మ చెయ్యి?" అన్నారు. ఆ గొంతులో నిజంగా బాధ ఉంది. మీ అన్నయ్య ఎంతో మర్యాదగా, "తెలియదండీ. మీ ఇంట్లో కూడా ఒకసారి కనుక్కోండి" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఈసారి పొగ లేదు. పెళ్ళినాటినుంచీ ఇంత సంతోషపడ్డ రోజు నాకు గుర్తులేదు.

ఈ సంగతి గేటు దాటకూడదని, దాటితే పొడి అమ్ముడుపోదని అచ్యుతరావు గారు అందరినీ బతిమాలారు. ప్రకటన మాత్రం వస్తూనే ఉంటుందట. శనివారం మధ్యాహ్నం వచ్చి మీ అన్నయ్య ఎదురుగా కూర్చుని తిని, మళ్ళీ వడ్డించమన్నారట. పోయే ముందు, వాళ్ళ నాన్న కూడా పెందరాళే లేచేవారని చెప్పి వెళ్ళారట.

కింద మీ అన్నయ్య ఏదో రాస్తారట. నీకు ముందే తెలుసని ఆయనకు తెలియదు, అందుకని పైన నేను రాసింది కనబడకుండా మడిచి కలం ఇచ్చేస్తున్నాను.

సత్యవేణి.

చెల్లెమ్మ రాహేలుకి గోపాలరావు ఆశీస్సులు. ఉప్పల్లో ఉండగా గోడమీదుగా మీ వదిన నీకు అందించిన ములక్కాడల పులుసు, మామిడికాయ పప్పు, పండక్కి ఇచ్చిన పూర్ణాలు అన్నీ నేను చేసినవే. నువ్వు ప్రతిసారీ మీ వదినను మెచ్చుకుంటుంటే లోపల గదిలోంచి వినేవాణ్ణి. ఇది విని నువ్వు ఆశ్చర్యపోతావని తెలుసు. కృపానందం బావగారికి కూడా చెప్పు, దాచవద్దు.


సంగారెడ్డి,
అక్టోబరు 3, 1988.

వదినా,

అన్న చెప్పినట్టు నేను ఆశ్చర్యపోయాను. ఎంతగా ఆశ్చర్యపోయానో వేరే ఉత్తరంలో అన్నకు రాశాను, అది చదివి నవ్వకు. పాపం, ఇన్నేళ్ళకు నోరు తెరిచి చెప్పాడు. ఆ మాత్రం ఆశ్చర్యం ఆయనకు దక్కాలి.

రాసిందంతా మా ఆయనకు చదివి వినిపించాను. ఆ చెయ్యి దగ్గరకు వచ్చేసరికి, అబద్ధం అన్నాడు. నీ ఉత్తరం తీసుకుని అన్న చేతిరాత స్వయంగా చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఏడ్చినందుకు సిగ్గుపడతాడేమో, పొట్లం బయట పారేస్తాడేమో అనుకున్నాను. ఏమీ చెయ్యలేదు. ఆ పూట అన్నం తింటూ గోడవైపు కూడా చూడలేదు.

నిన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక, నేను పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. వంటింట్లో గిన్నె చప్పుడైంది. పిల్లి అనుకుని వెళ్ళాను. మీ కృపానందం గారు పొయ్యి ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. ఉల్లిగడ్డ ఒకటి అంగుళం మందాన కోసి ఉంది. చింతపండు గింజలతో సహా నీళ్ళలో తేలుతోంది. నన్ను చూసి లేవలేదు. తలుపు జర దగ్గరికి వెయ్యమన్నాడు. వేశాను.

తర్వాత తలెత్తకుండానే, "పులుసుల ఉప్పు ఎప్పుడెయ్యాల్నో బావ రాసిండా?" అని అడిగాడు.

రాయలేదు వదినా. వెంటనే రాయమను.

రాహేలు.